బొందు కట్టే చోటు

జులై 2, బుధవారం

చర్మం డాక్టరు గారు ఆజ్ఞాపించారు. "పుండు ఏ రోజు రక్తం కారింది, ఏ రోజు నీరు కారింది, రాసి పెట్టండమ్మా." సరే, రాస్తున్నాను. నిన్న రక్తం. ఇవాళా రక్తమే, ఎందుకంటే ఆయనే చిన్న ముక్క కోసి పరీక్షకి పంపాడు. ఒక పుండు చూపించుకుందామని వెళితే దాని పక్కన ఇంకోటి పెట్టి పంపించాడు, మహానుభావుడు.

నూలు కొట్టువాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. అట్ట మీద దేవుడి బొమ్మ ఉందని పారెయ్యలేదు.

పుండు అని రాశాను గానీ నిజానికి అది పుండు కాదు, ఒరుపు. కుడివైపు నడుం మీద, లంగా బొందు ముడి పడే చోట. ఏడాదిన్నరగా ఉంది. పసుపు పెట్టాను, కొబ్బరినూనె రాశాను. మానినట్టే మాని మళ్లీ పగులుతుంది. బొందు ఒరుసుకుని నడుం చుట్టూ నల్ల గీత పడని ఆడది మంగళగిరిలో ఎవరుందట? దానికి పరీక్షలూ, సీసాలూనూ.

ఇంట్లో బ్యాంకుకి వెళ్లానని చెప్పాను. మా ఆయన మగ్గం గుంటలోంచి తల ఎత్తలేదు. చంద్రమండలానికి వెళ్లొచ్చానని చెప్పినా "ఊఁ" అనేవాడే.

జులై 5

కుట్టు దగ్గర సలుపు. దాని మీదే బొందు కట్టాను. ఇంకెక్కడ కట్టను, మెడకా?

ఇవాళ లైవ్. నేను కొత్త చీర కట్టుకుని కొట్లో నిలబడతాను, మా కోడలు ధనశ్రీ ఫోను పట్టుకుని ఊరంతటికీ చూపిస్తుంది. "మేడమ్ గారు కట్టుకున్నదే కావాలి" అని రాస్తారు జనం. అద్దాల బీరువాలో ప్లాస్టిక్ బొమ్మ ఉంది, దానికి నాకన్నా సన్న నడుం, ఏం లాభం? దాని మీద చీర నిలవదు. నా మీద నిలుస్తుంది. కారణం బొందు. బజారు బొందులూ బొందులేనా! మగ్గం మీద చీరలు దిగాక చివర పోగులు మిగులుతాయి, గంజి పట్టి బిరుసుగా. వాటిని పేని నేనే బొందులు చేస్తాను. సన్నగా తీగలా ఉంటాయి. పొద్దున బిగిస్తే సాయంత్రం దాకా కుచ్చిళ్లు కదలవు. పెళ్లయిన దగ్గర్నుంచీ నావి అవే. ఎదురుగా కుట్టుమిషను కొట్టు పెట్టుకున్న మాబూబీకి కూడా నేనే ఇస్తాను. ఆమె కుట్టే లంగాలన్నిటికీ నా బొందులే.

లైవ్ అయ్యాక ధనశ్రీ అడిగింది. "అత్తయ్యా, మీరివాళ కుడివైపు వంగలేదేంటి?"

కళ్లా అవి, సీసీ కెమెరాలా?

జులై 9

రిపోర్టు వచ్చింది. దాని పేరు డాక్టర్ల భాషలో మూడు మాటలు. మా వీధి భాషలో ఒక్కటే.

జులై 9, సాయంత్రం

రహస్యం దాచడంలో నా తెలివి చూడండి. ల్యాబులో ఫోను నంబరు అడిగితే కొట్టు నంబరు ఇచ్చాను. కొట్టు ఫోను ఉండేది ధనశ్రీ చేతిలో. అది చదివింది, నా కొడుకు కోటికి చెప్పింది, వాడు వాళ్ల నాన్నకి చెప్పాడు. అందరికన్నా ఆఖర్న నాకు తెలిసింది. రోగం మాత్రం నాదే, అందులో ఎవరూ వాటా అడగలేదు.

మా ఆయన గుంటలోకి దిగి నేత మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా ఆపలేదు. అన్నానికి లేవమంటే లేవలేదు.

జులై 10

గుంటూరు వెళ్లాం, నేనూ కోడలూ. ఆరాధన అని, ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ. చిన్న పిల్లే. నా గజ్జలు తడిమి చూసింది, స్కాన్ చూసింది, కుర్చీ దగ్గరగా లాక్కుంది.

"అమ్మా, మీది చీరల వ్యాపారం కదా. ఒక చీరకి చిన్న చిల్లు పడిందనుకోండి..."

నేను ఇడ్లీలు అమ్ముకునేదాన్నయితే ఇడ్లీకి చిల్లు పెట్టేది కాబోలు.

"చిల్లు పడిన చీర మేం వెనక్కి పంపించేస్తామమ్మా," అన్నాను.

ఆమె నవ్వేసి చీరని వదిలేసింది. మామూలు మాటల్లో చెప్పింది, అప్పుడు అర్థమైంది. ఇది చర్మం క్యాన్సరు. ఇంకా చిన్నది, ఎక్కడికీ పాకలేదు. దాన్ని, చుట్టూ వేలెడు వెడల్పు మంచి చర్మంతో సహా కోసి తీసేసి కుట్టేయడం ఒక పద్ధతి. ఒకటి రెండు రోజులు ఆస్పత్రి, తర్వాత కొన్ని వారాలు జాగ్రత్త. కరెంటు పెట్టించుకోవడం ఇంకో పద్ధతి, అదే రేడియేషన్. కోత ఉండదు గానీ ఐదు వారాలు రోజూ తిరగాలి. ఆ చోట చర్మం పలచబడి తర్వాత దేన్నీ ఓర్చుకోదు.

"ఇంత చిన్నది, కోయడానికి వీలైన చోట ఉంది. మా అమ్మకైతే ఆపరేషనే చేయిస్తాను. కానీ ఒళ్లు మీది, నిర్ణయం మీదే."

"ఏమీ చేయించుకోకపోతే?"

అప్పుడు మాత్రం నవ్వలేదు. "ఇవాళైతే పోతుందమ్మా. గజ్జల్లోకి దిగాక ఇంత తేలిగ్గా పోదు. ఇంకో మాట. మీరు ఏది ఎంచుకున్నా ఆ బొందు మాత్రం ఇక కట్టకూడదు. ఏళ్ల తరబడి ఒకే చోట కోసుకుని కోసుకుని వచ్చింది ఇది."

నాకు ఒళ్లు మండింది. "మా అమ్మ కట్టింది, మా అమ్మమ్మ కట్టింది. వాళ్లకి రాలేదే?"

"వాళ్లు ఎప్పుడైనా మీకు నడుం చూపించారా?"

ఇదేం ప్రశ్న! మా అమ్మ నడుం నేనెందుకు చూస్తాను? చీరాలలో పరువుగా బతికిన మనిషి. చివరి ఏడాది మాత్రం చాదస్తం ముదిరి, లంగా మానేసి, చీరని చంకల కిందికి ఎత్తి చుట్టుకునేది. మేం ఎంత నవ్వేవాళ్లమో. కడుపులో ఏదో అని మంచం పట్టి పోయింది. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

"శ్రావణం అయ్యాక చేయించుకుంటాను," అన్నాను. చీరల కొట్టువాళ్లం, ఏడాదంతా తినేది శ్రావణంలోనే.

ధనశ్రీ అందుకుంది. "శ్రావణం అయ్యాక దసరా అంటుంది మేడమ్. దసరా అయ్యాక దీపావళి. ఆ తర్వాత పెళ్లిళ్లు."

కోడలు కాదు, పంచాంగం.

జులై 12

ఇంట్లో సభ జరిగింది. కోటి విజయవాడ కొట్లకి చీరల మూటలు వేస్తుంటాడు, లోకజ్ఞానం వాడి సొత్తు. "కరెంటు పెట్టించుకోమ్మా, కోత లేకుండా పోతుంది" అన్నాడు. ధనశ్రీ ఆపరేషన్ అంది. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఏ చీరకి ఏ అంచు వెయ్యాలో కూడా నా ఇష్టం కానివ్వలేదు. చావుబతుకులు మాత్రం నా ఇష్టానికి వదిలేశాడు. ఎంత ఉదారుడో!

నేను తేల్చుకున్నాను. కరెంటే. దానికి ఐదు వారాలు రోజూ గుంటూరు వెళ్లాలి. శ్రావణంలో అది కుదరదు. కాబట్టి శ్రావణం తర్వాతే. కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సింది ఏమీ లేదు. ఎంత చక్కగా కుదిరిందో.

జులై 13

ధనశ్రీ నైటీ తెచ్చింది. ఊదారంగు పువ్వులు, పాలిస్టరు. నేతచీరలు అమ్ముకు బతికే ఆడదానికి పాలిస్టరు నైటీ! "ఇంట్లో ఉన్నంతసేపైనా వేసుకోండత్తయ్యా, నడుముకి గాలి తగులుతుంది." నాకు తెలియదూ? నేను నైటీలో మూలన కూర్చుంటే లైవ్‌లో తను నిలబడొచ్చు. దాన్ని బీరువా మీద పడేశాను.

జులై 14

రక్తం.

జులై 15

రక్తం కాదు, నీరు. తగ్గుతున్నట్టే.

జులై 16

తగ్గుతోంది. బొందు నాలుగు వేళ్లు పైకి కట్టి చూశాను. అద్దంలో నా కట్టు అచ్చం మా అమ్మ కట్టులా కనిపించింది. విప్పి మళ్లీ కిందే కట్టుకున్నాను.

జులై 17

మా ఆయన ఒక మాట మాట్లాడాడు. "నొప్పిగా ఉందా?" లేదన్నాను. ఆయన ఇంకోసారి అడిగితే ఉందని చెబుదును. అడగలేదు.

జులై 18

ఒకావిడ చీరలు చూడ్డానికొచ్చి నా అదృష్టం కొద్దీ అన్నీ చెప్పింది. దర్శి దాటాక ఒక ఊళ్లో అంకమ్మరావు అని ఉన్నాడట. పసరు పట్టు వేస్తాడట. కత్తి లేదు, కరెంటు లేదు, వారం తిరిగేసరికి పుండు వేళ్లతో సహా ఊడి చేతిలో పడుతుందట. శ్రావణం ఎటూ పోదు, ఒంటి మీద చీర ఎటూ పోదు. ఇంత సుఖమైన దారి ఉండగా ఈ డాక్టర్లు పదేళ్లు చదివి ఏం నేర్చుకున్నట్టు?

ఊరికే చూసొస్తాను. పూయించుకుంటానని కాదు.

జులై 20, ఆదివారం

మాబూబీని తోడు తీసుకుని వెళ్లాను. ఇంట్లో ఎవరిదో గృహప్రవేశం అని చెప్పాను. దారి పొడవునా మాబూబీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దాని నోటికి తాళం వేయడం వాళ్లాయన వల్లే కాలేదు, ఇవాళ తనే వేసుకుంది. నా మీద బెంగ కాబోలు అనుకున్నాను.

అంకమ్మరావు అరుగు మీద జనం. తెల్ల బనీను, మెళ్లో రుద్రాక్షలు, చేతికి రెండు గడియారాలు. నన్ను ఊరు అడిగాడు.

"మంగళగిరా? అయితే చీర లెక్కన చెబుతా వినమ్మా. చీర మీద మరక పడిందనుకో..."

దేవుడా. వీడు కూడా.

నాకన్నా ముందు ఒక మిర్చి రైతు కూర్చున్నాడు. మడమకి కట్టు విప్పారు. వాసనకి అరుగంతా ముక్కు మూసుకుంది. "చూశావా, మూలం ఊడొచ్చింది," అన్నాడు అంకమ్మరావు గర్వంగా. మూలంతో పాటు మడమ కూడా వచ్చింది, అది చెప్పలేదు. రైతు పళ్లు బిగించి అటు తిరిగాడు. అతనికి పెద్దది, నాది చిన్నదే కదా, అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఆడవాళ్లని లోపలి గదిలో ఆయన భార్య చూస్తుంది. చిన్న మూకుడులో నల్లటి ముద్ద, అందులో పుల్ల. "ఇద్దరిలో ఎవరికి?" అంది.

నేను నోరు తెరిచేలోపు మాబూబీ అంది. "అక్కా, ముందు నేను చూపించుకోనా?"

"నీకేముందే?"

అది గోడవైపు తిరిగి చీర కాస్త దించి, లంగా బొందు వదులు చేసింది. ముప్పై ఏళ్లుగా ఎదురుబొదురు కొట్లు. దాని పురుళ్లు నాకు తెలుసు, దాని మొగుడి అప్పులు తెలుసు, అది ఏ పండక్కి ఎవరి మీద అలిగిందో తెలుసు. దాని నడుం మాత్రం ఇవాళే చూశాను. చుట్టూ నల్లటి గాడి. ఎడమవైపు ముడి దగ్గర చర్మం పొక్కులు కట్టి, పగిలి, తడిగా ఉంది. ఆ బొందు నేను పేనిందే. ముడి దగ్గర దాని రంగు మారిపోయింది.

అంకమ్మరావు పెళ్లాం పుల్లతో ముద్ద తీసింది.

"చెయ్యి తియ్యి!"

ఎవరో గట్టిగా అరిచారు. చూస్తే నేనే. పుల్ల కింద పడింది.

"ఏందమ్మా, కేకలు?" అంది ఆవిడ.

"దీనికి వద్దు. కట్టుకోవే, లే, పోదాం."

మాబూబీ లేవలేదు. నా మొహంలోకి చూస్తూ అడిగింది. "నీకు పనికొచ్చే మందు నాకు పనికిరాదా? నువ్వు పూయించుకుందామనే వచ్చావుగా?"

"నేను పూయించుకోను."

"ఎప్పట్నించి?"

"ఇప్పట్నించి."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. ఎండ దంచేస్తోంది. దాన్ని తిట్టాను, చెప్పలేదేమని. అది నన్ను తిట్టింది, నువ్వు మాత్రం ఊరంతా చాటావా అని. నేను నాది చూపించుకున్నప్పుడు తనదీ చూపిద్దామని వచ్చిందట, ఒక్కతే రావడానికి సిగ్గట. రేపు గుంటూరు పోదాం, డాక్టరమ్మకి చూపించు అన్నాను.

"నువ్వు కోయించుకుంటే చూపిస్తా. నువ్వు శ్రావణం అయ్యాక అంటే నేను రంజాన్ అయ్యాక అంటా."

"బెదిరిస్తున్నావా?"

"అవును," అంది. అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అక్కడ బీడీ కాల్చుకుంటున్న పెద్దాయన, బస్సు ఇంకా రాలేదని ఏడుస్తున్నామనుకుని, "వస్తదమ్మా, ఇప్పుడే వస్తది" అని ఓదార్చాడు.

జులై 21

ఆపరేషన్ అని చెప్పేశాను. డాక్టరమ్మ కాలెండరు చూసి ఆగస్టు ఒకటి అంది. శ్రావణ శుక్రవారం. ఏడాది మొత్తంలో ఇంతకన్నా దిక్కుమాలిన రోజు దొరకదు. సరే అన్నాను. మాబూబీ దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది.

కరెంటు వద్దని ఎందుకనుకున్నారు అని అడిగింది డాక్టరమ్మ. "ఐదు వారాలు తిరిగే ఓపిక లేదు," అన్నాను. నిజం అది కాదు. అది ఒంట్లో ఉండగా ఇంకో రోజు బతకాలనిపించలేదు. భయం వేసింది. ఇంతకాలం ఆ భయం రాలేదు, దర్శిలో వచ్చింది.

జులై 31

మగ్గం మీద చీరలు దిగాయి. మిగిలిన పోగులు ఎప్పుడూ బుట్టలో వేసి నా గుమ్మం దగ్గర పెడతాడు మా ఆయన. ఇవాళ వాటిని గుప్పిట్లో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.  కాగు కింద మంటలో వేసేసి పోయాడు.

నాకు చచ్చిపోవాలని లేదు. ఇది కూడా రాసి పెట్టుకోవాలి కదా.

ఆగస్టు 2

అయిపోయింది. నడుం కింద మత్తిచ్చారు. కోస్తున్నంతసేపూ డాక్టరమ్మ నాతో చీరల గురించే మాట్లాడింది. ఏ అంచు బాగుంటుంది, ఉతికితే రంగు పోతుందా అని. పోతుందని చెప్పాను. కత్తి ఆమె చేతిలో ఉన్నప్పుడు అబద్ధం ఎందుకు?

ఊదారంగు పువ్వుల నైటీలో ఉన్నాను. గాలి తగులుతోంది. ఈ మాట ధనశ్రీకి చస్తే చెప్పను.

ఆగస్టు 9

అంచుల్లో ఏమీ లేదట. మొత్తం వచ్చేసిందట. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమంది.

మాబూబీది ఇంకా క్యాన్సరు కాలేదు. కాబోతోందట. ముద్దలాంటి మందు రాయమన్నారు, బొందు కట్టొద్దన్నారు. అది ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని నమాజు చేసినంత పనిచేసింది. తర్వాత ఆకలేస్తోందంది. ఇద్దరం బజ్జీలు తిన్నాం.

ఆగస్టు 15, శ్రావణ శుక్రవారం

ధనశ్రీ చీర కట్టుకుని లైవ్‌లో నిలబడింది. దాని కుచ్చిళ్లు పక్కకి జారుతున్నాయి, ఏం చేస్తాం, నడుం చుట్టూ వెడల్పు పట్టీ కట్టుకుంది. నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టారు, నేత గుడ్డతో మాబూబీ కుట్టిన పొడుగు గౌనులో. "మేడమ్ గారు చీర కట్టలేదేంటి? ఒంట్లో బాలేదా?" అని ఎవరో రాశారట. ధనశ్రీ చదివి, కొంచెం నలతగా ఉందండీ అనబోయింది.

నేను లేచి ఫోను ముందుకొచ్చాను. "నలత కాదు, క్యాన్సరు. నడుం మీద. లంగా బొందు వల్ల వచ్చింది. కోసి తీసేశారు, బతికాను. చీరలు తర్వాత చూద్దురు గానీ, ముందు లోపలికెళ్లి తలుపేసుకుని మీ నడుం మీరు చూసుకోండి. మానని పుండుంటే డాక్టరుకి చూపించుకోండి. పసరు పూయించుకున్నారో, నేనే వచ్చి తంతాను."

ధనశ్రీ గుడ్లు తేలేసింది. పండగ పూట బేరం మంటగలిసిందని కోటి తల పట్టుకున్నాడు. కింద ఒకావిడ రాసింది: "ఆ గౌను ఎంతండి?" మన ఆడవాళ్లకి నా నమస్కారం.

మధ్యాహ్నం నుంచి మొదలయ్యారు. చీరలు చూస్తామని వస్తారు, రెండు మడతలు విప్పించుకుంటారు, అటూ ఇటూ చూసి, "మల్లేశ్వరి గారూ, కాస్త తెర వెనక్కి వస్తారా?" అంటారు. తెర వెనక మాబూబీ దీపం పట్టుకుని నిలబడింది. అందరికీ అదే నల్ల గీత. ఎక్కువమందికి ఒట్టి గీతే. ఒకమ్మాయికి పగిలి ఉంది, పెళ్లయి నాలుగేళ్లు కాలేదు.

సాయంత్రం శ్యామలాంబ గారు వచ్చింది, గుడి వీధిలో పూజారి గారి తల్లి. చీరని చంకల కిందికి ఎత్తి చుట్టుకుని ఉంది.

"లంగా మానేశారేం పిన్నిగారూ?" అన్నాను.

"ఒరుసుకుంటోందమ్మా. కొన్నాళ్లయింది. మా కోడలు నాకు చాదస్తం అంటుంది."

 ఆవిడ భుజం పట్టుకుని నిలబడ్డాను. అమ్మా అన్నాను. ఆవిడ తననే పిలిచాననుకుని, "ఏమ్మా?" అంది. నేను పిలిచింది చీరాలలో పోయిన మా అమ్మని. ఒక్కసారి, మాలో ఒక్కరమైనా, నవ్వకుండా అడిగి ఉంటే చూపించేది.

సోమవారం ఆవిడని గుంటూరు తీసుకెళ్తున్నాను. కోడలిని కూడా రమ్మన్నాను, చాదస్తం చూద్దువు గాని అని.

షట్టరు దించేటప్పుడు ధనశ్రీ లెక్క చెప్పింది. ఇన్నేళ్లలో శ్రావణ శుక్రవారం నా కొట్టుకి ఇంతమంది ఎప్పుడూ రాలేదు. ఒక్క చీర కూడా అమ్ముడుపోలేదు.